పులిపిర్లకు విటమిన్ ఇంజెక్షన్

మా తమ్ముడి వేళ్ల మీద పులిపిర్లు ఒక్కొక్కటిగా పుట్టుకొస్తుంటే ఇంట్లో తలా ఒక వైద్యం చెప్పారు. సున్నం రాయమని ఒకరు, వెంట్రుకతో బిగించి కట్టమని మరొకరు. వాడేమో ఎవరికైనా చెయ్యి ఇవ్వాలంటేనే వెనకాడేవాడు. అది చూసి నాకు చాలా బాధేసేది.

స్కిన్ డాక్టరమ్మ విటమిన్ డి3 ఇంజెక్షన్ చేద్దామన్నారు. భుజానికేమో అనుకున్నాం. కాదు, నేరుగా పులిపిరి అడుక్కే. ముందు మత్తు సూది, తర్వాత కొద్దిగా మందు, అర మిల్లీలీటరు కూడా ఉండదు. అదీ అన్నిటికంటే పెద్దదానికి మాత్రమే. మరి మిగతావాటి సంగతేంటని అడిగితే ఆవిడ ఓపిగ్గా చెప్పారు. పులిపిర్లు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయట. అది చర్మం పైపొరలోనే ఉండిపోతుంది కాబట్టి ఒంట్లోని రోగనిరోధక శక్తి దాన్ని సరిగా గుర్తించదు. అక్కడ సూది వేస్తే ఆ శక్తి మేలుకుని, దూరంగా ఉన్నవాటి మీద కూడా పనిచేయొచ్చు.

నొప్పి మాత్రం బాగానే ఉంది. ఆ రాత్రి వేలు వాచి, ఎర్రబడి, వాడు స్పూన్‌తో అన్నం తిన్నాడు. కొన్ని వారాల గ్యాప్‌తో మళ్లీ వేశారు. పెద్దది నల్లబడి ఎండిపోయింది. ఆ తర్వాత సూది తగలని చిన్నవి కూడా రాలిపోయాయి! కాల్చలేదు, కొయ్యలేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అందరికీ ఇలాగే తగ్గుతాయని చెప్పను. పిల్లల్లో చాలాసార్లు వాటంతటవే పోతాయి కూడా. కానీ బ్లేడుతో గిల్లుకునేవాళ్లని, యాసిడ్ పోసుకునేవాళ్లని చూస్తే భయమేస్తోంది. గిల్లితే పక్కలకి పాకుతాయి. దయచేసి ముందు స్కిన్ డాక్టర్‌కి చూపించండి. షుగర్ ఉన్నా, గర్భిణులైనా ఆ మాట ముందే చెప్పండి.