ప్రింట్ఎఫ్ లోపల ఏముందో చూశాక

నల్లగొండ దగ్గర ఒక బత్తాయి తోటకు బోరు మోటారు కంట్రోలర్ తయారుచేస్తున్నాం. మూడు ఫేజుల వోల్టేజీని ప్రింట్ఎఫ్ (సంఖ్యలను అక్షరాలుగా మార్చి పంపే సి భాషా ఫంక్షన్)తో సీరియల్ పోర్టుకు దశాంశాలతో పంపే చోట బోర్డు హార్డ్‌ఫాల్ట్‌లో (ప్రాసెసర్ తప్పు పట్టుకుని ఆపేసే స్థితి) పడి ఆగిపోయేది. పూర్ణాంకాలైతే ఏ ఇబ్బందీ లేదు.

"లైబ్రరీలో తప్పుండదు, నీ కోడు చూసుకో" అనే సలహా నాకు ఎప్పుడూ మింగుడుపడదు. చిప్‌లో నడిచే ప్రతి ఇన్‌స్ట్రక్షనూ మన బాధ్యతే. రైతు మోటారు కాలిపోతే అది ఎవరు రాసిన ఫంక్షన్ అని అడగడు కదా!

మాకు కంపైలర్‌తో వచ్చిన న్యూలిబ్ అనే సి లైబ్రరీలో డీబగ్ సమాచారం (ఏ ఇన్‌స్ట్రక్షన్ సోర్సులో ఏ వరుసదో చెప్పేది) లేదు. లోపలికి అడుగు వేస్తే అసెంబ్లీ కోడు తప్ప ఏమీ కనిపించలేదు. సోర్సు తెచ్చి, డీబగ్ ఆప్షన్‌తో బిల్డ్ చేసి లింక్ చేశాను. ఆ సమాచారమంతా కంప్యూటర్‌లో బిల్డ్ అయ్యే ఎల్ఫ్ ఫైల్లోనే ఉంటుంది, చిప్‌లో ప్రోగ్రాము ఉండే ఫ్లాష్ మెమరీలోకి వెళ్లదు.

అప్పుడు దారి తెరుచుకుంది. దశాంశ సంఖ్యను అంకెలుగా మార్చే ఫంక్షన్ హీప్ (ప్రోగ్రాము నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) నుంచి మెమరీ అడుగుతోంది. హీప్ నిండిపోయి, దాన్ని పెంచే ఎస్‌బ్రేక్ ఫంక్షన్ మైనస్ ఒకటి (అంటే 'ఇక లేదు') తిప్పి పంపుతోంది. న్యూలిబ్ 3.3.0కు ముందు వెర్షన్లలో ఆ కేటాయింపు విఫలమైందా అని చూసే తనిఖీయే లేదు! కేటాయింపు విఫలమైతే చేతికొచ్చేది సున్నా చిరునామా కాబట్టి, సున్నా దగ్గరి చిరునామాలో రాయబోయింది. మా చిప్‌లో అక్కడున్నది ఫ్లాష్, అందులో అలా నేరుగా రాయడం కుదరదు; అందుకే హార్డ్‌ఫాల్ట్.

ఇప్పుడు వోల్టేజీని పదో వంతుల్లో పూర్ణాంకంగా పంపుతున్నాం. లైబ్రరీని బిల్డ్ చేసే స్క్రిప్టును ప్రాజెక్టులోనే ఉంచాను. మహబూబ్‌నగర్, నల్లగొండ మిత్రులెవరికైనా కావాలంటే అడగండి, పంపుతాను.