నర్సింగ్ ఆఫీసర్ ప్రిపరేషన్: లాచింగ్ (పాప రొమ్ము పట్టుకునుడు) టాపిక్ నేనెట్ల చదివిన్నంటే

ఫ్రెండ్స్, హనుమకొండల డ్యూటీ చేసుకుంటనే ఎంహెచ్ఎస్ఆర్‌బీ (తెలంగాణ మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు) నర్సింగ్ ఆఫీసర్ ఎగ్జామ్‌కి చదివిన, 80 మార్కుల పేపర్ కాబట్టి ఓబీజీకి (కాన్పులు, ఆడవాళ్ళ జబ్బుల సబ్జెక్ట్), పీడియాట్రిక్స్‌కి రెండిటికీ పనికొచ్చే బ్రెస్ట్ ఫీడింగ్‌ని ఆగమాగం చదవకుండ్రి.

ముందుగాల పొజిషన్ వేరు, అటాచ్‌మెంట్ వేరు అని మైండ్‌ల ఫిక్స్ చేసుకోండి, ఆప్షన్లల్ల రెండూ కలిపిస్తే అక్కడ్నే కన్ఫ్యూజ్ అయితం. పాప తల, ఒళ్ళు ఒకే లైన్ల ఉండుడు, తల్లి దిక్కు తిరిగి ఆనుకొని ఉండుడు, ఒంటి మొత్తానికి సపోర్ట్ ఉండుడు పొజిషన్. నోరు పెద్దగ తెరుచుడు, కింది పెదవి బయటికి మడుచుకునుడు, గదవ రొమ్ముకు ఆనుడు, అరియోలా (చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం) పైన ఎక్కువ, కింద తక్కువ కనవడుడు అటాచ్‌మెంట్, అంటే లాచ్.

పోస్ట్‌నేటల్ వార్డుల "పాలు పడ్తలేవు సిస్టర్, డబ్బా పాలు రాయుండ్రి" అని అమ్మమ్మలు రోజూ అడుగుతరు. అప్పుడు నేను ఫస్ట్ చూసేది పాప మూతినే. మంచిగ పట్టుకున్న పాప మొదట్ల గబగబా చప్పరించి, పాలు దిగినంక నిదానంగ లోతుగ గుంజుతది, మధ్యమధ్యల ఆగుతది, గుటక వినిపిస్తది. చప్ చప్ సౌండ్ వచ్చినా, బుగ్గల్ల గుంతలు పడ్డా లాచ్ సరిగ లేనట్టే. పాప వదిలినంక చనుమొన గూడ చూడాలె, కొత్త లిప్‌స్టిక్ కొన లెక్క ఒక పక్కకు నొక్కుకపోయిందంటే షాలో లాచ్, అంటే పాప లోతుగ పట్టుకోలేదన్నట్టు. అట్లున్నప్పుడు గుంజి తియ్యొద్దు, శుభ్రమైన చిటికెన వేలు పాప నోటి మూలకు పెట్టి సక్షన్ వదిలించి మళ్ళ పట్టియ్యాలె.

అందుకే 'క్రాక్డ్ నిపుల్ (పగిలిన చనుమొన) ఉన్న తల్లికి నర్స్ ముందు ఏం చెయ్యాలె' అనే క్వశ్చన్‌ల క్రీమ్, ఫీడింగ్ ఆపుడు, ఫీడ్‌ని గమనించుడు అని ఇస్తే నేను కళ్ళు మూసుకొని మూడోదే పెడ్త, ఎందుకంటే ఎక్కువ శాతం మూలం లాచ్‌లనే ఉంటది.

పాలు పట్టుడు ఎట్లుందో కొలిచే లాచ్ (LATCH) స్కోర్ 1994ల వచ్చింది, లాచ్, ఆడిబుల్ స్వాలోయింగ్, టైప్ ఆఫ్ నిపుల్, కంఫర్ట్, హోల్డ్, ఒక్కోదానికి 0 నుంచి 2, టోటల్ 10. ఇన్వర్టెడ్ (లోపలికి పోయిన) నిపుల్‌కి 0, ఫ్లాట్‌కి (చదునుగ ఉన్నదానికి) 1. ఇన్వర్టెడ్ అంటే నిపుల్‌ని బయటికి గుంజే సిరంజి మెథడ్ కూడ చూసుకోండి, సూది పెట్టే కొన కట్ చేసి పిస్టన్ ఆ కట్ చేసిన దిక్కు నుంచే ఎక్కియ్యాలె, నున్నగున్న అంచు రొమ్ముకు రావాలె.