స్కై అన్నారని ఆకాశం రంగు కొట్టేశా – నా అనుభవం

నేను చేస్తున్న ప్లాస్టిక్ మోడల్ విమానం నిన్న రాత్రి అయిపోయింది. మూడు వారాలు పట్టింది, అందులో రెండున్నర వారాలు విమానం పొట్టకే పోయాయి.

మోడల్ 1/48 సైజు (అసలు దాంట్లో నలభై ఎనిమిదో వంతు) స్పిట్‌ఫైర్ మార్క్ 1, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం. మన ఊరికి దీంతో లింకుంది, బ్రిటన్ వాయుసేన రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 152 స్క్వాడ్రన్‌కి (విమాన దళానికి) హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరుండేది, వాళ్ళ బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉండేది, 1940లో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో, అంటే జర్మనీతో జరిగిన ఆకాశ యుద్ధంలో, వీళ్ళు నడిపింది స్పిట్‌ఫైర్లే. ఆఫీసులో పది మందిని అడిగా, ఒక్కడికీ తెలీదు. బిర్యానీ గురించి మాత్రం గంట చెప్తారు.

అతికించడం, కాక్‌పిట్, పైన వేసే డార్క్ ఎర్త్ (మట్టి రంగు), డార్క్ గ్రీన్ అన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి.

పొట్ట రంగు పేరు 'స్కై'. పేరు చూసి లేత నీలం కొట్టేశా. ఎన్నో ఏళ్ళుగా మోడల్స్ చేస్తున్న ఓ పెద్దాయనకి ఫోటో పంపితే, "నీట్‌గా ఉంది బాబూ, ఏ దేశం విమానం ఇది?" అని అడిగాడు. అప్పుడు తెలిసింది, స్కై అంటే నీలం కాదు, బాతుగుడ్డు పెంకులాంటి లేత ఆకుపచ్చ, అందులో కొంచెం పసుపు ఛాయ. 1940 జూన్‌లో ఫైటర్ల పొట్టకి ఈ రంగు వెయ్యమని ఆర్డరొస్తే, చాలినంత స్టాక్ లేక, డక్ ఎగ్ బ్లూ అనే ఇంకో పేరుతో గందరగోళమై స్క్వాడ్రన్లలోనే రకరకాల షేడ్లు పడ్డాయి. వాళ్ళే తికమకపడితే నన్నెందుకు అంటాడో ఆయన.

సరే అని రాణిగంజ్‌లో ఓ పెయింట్ షాపుకెళ్ళా, కంప్యూటర్‌తో ఏ రంగైనా కలిపిస్తామని బోర్డు ఉంది కదా. నేను కలుపుకున్న శాంపిల్‌ని ప్లాస్టిక్ స్పూన్ మీద పూసి పట్టుకెళ్ళా. "ఎన్ని గోడలన్నా?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. గోడ కాదు, యాభై ఎంఎల్ చాలు అన్నా. "దేనికి?" విమానానికి అన్నా. అంతే, లోపల్నుంచి ఓనర్ని పిలిచాడు, ఆయన వచ్చి స్పూన్ తిప్పి తిప్పి చూసి, "పిల్లాడికి స్కూల్ ప్రాజెక్టా సార్?" అన్నాడు. నలభై రెండేళ్ళొచ్చాయి నాకు, పెళ్ళి కూడా కాలేదు, అవునన్నా. వెనక పుట్టీ కొనడానికొచ్చిన మేస్త్రీ కూడా నవ్వాడు. మెషిన్ ఆ స్పూన్ వంపు మీద ఏం చదివిందో ఏమో, లీటర్ కంటే తక్కువ రాదన్నారు, లీటరే తెచ్చుకున్నా, ఇంటికొచ్చి మూత తీస్తే హాస్పిటల్ గోడ రంగు. అది బాత్రూమ్ తలుపుకి వేశా. అయినా గోడలకేసే ఎమల్షన్ ఎయిర్‌బ్రష్‌లో (మోడల్ మీద రంగు చిమ్మే చిన్న గన్‌లో) సరిగ్గా నడవదు, ఆ ముక్క వెళ్ళేముందే ఆలోచించాల్సింది.

తర్వాత నేనే కూర్చున్నా. తెలుపు ఇరవై చుక్కలు, యెల్లో ఓకర్ రెండు, నీలం టూత్‌పిక్ మొనతో. ఆక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపించి ఆరాక ముదురుతుంది, అందుకే ప్రతి స్పూనూ హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టే చూడాలి. చిన్న మోడల్ మీద అసలు రంగు ముదురుగా కనిపిస్తుందని 1/48కి పదో వంతు తెలుపు అదనంగా కలపమంటారు, నేను అంత కలపలేదు, నా ఇష్టం. నీళ్ళతో పల్చన చేసే ఆక్రిలిక్‌లో మాత్రం ఆల్కహాల్ థిన్నర్ పొయ్యకండి, పాలు విరిగినట్టు విరిగి నాజిల్ మూసుకుపోతుంది, నాది ఓ పూట పట్టింది కడగడానికి.

రాత్రి ట్యూబ్‌లైట్ కింద అచ్చు కలర్ చిప్‌లాగే (పోల్చి చూసుకునే రంగు నమూనా ముక్కలాగే) ఉన్న స్పూన్ పొద్దున బాల్కనీలో చూస్తే బూడిద రంగు. అలా నాలుగు రాత్రులు మోసపోయా. ముప్ఫై ఒకటో స్పూన్ పగటి వెలుతురులో కుదిరింది.

తీరా అలమార్లో పెట్టాక చూస్తే విమానం చక్రాల మీద నిలబడింది, పొట్ట ఎవరికీ కనపడట్లేదు. కోఠీలో చిన్న అద్దం కొని కింద పెట్టా. దాంట్లో ట్యూబ్‌లైట్ పడి మళ్ళీ వేరే రంగులా ఉంది, అందుకని చూడ్డానికి వచ్చేవాళ్ళని పగలే రమ్మంటున్నా.