రామప్ప కట్ట దిగి పొలాల్లోకి

శివరాత్రితో చలి శివశివా అంటూ పోయింది. ఎండ ఇంకా ముదరలేదు. హన్మకొండలో ఉండే మా దోస్తులం నలుగురం ఊళ్ల మీద పడేది ఈ రోజుల్లోనే. ఉగాది దాటిందంటే మా వైపు పగటిపూట చెట్టు నీడన కూర్చోవడమే తప్ప నడక ముచ్చట ఉండదు. ఈసారి రామప్ప గుడి ఉన్న పాలంపేట అనుకున్నాం. ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. జంగాలపల్లి దగ్గర పెద్దరోడ్డు వదిలాక ఇక తొందర లేదు.

రామప్పకు వచ్చేవాళ్లు గుడి చూస్తారు, మదనికల శిల్పాల ముందు ఫోటోలు దిగుతారు, చెరువు దగ్గర కాసేపు ఆగి కారెక్కేస్తారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు, సంతోషమే. కానీ కట్ట దిగి అవతలి పొలాల్లో నడవకపోతే ఈ గుడి సంగతి సగమే తెలిసినట్టని నా వాదన. మా వాళ్లకిది విని విని విసుగొచ్చింది. అయినా వెంట వస్తారు, ఎందుకంటే బియ్యప్పిండి సర్వప్పల డబ్బా నా సంచిలోనే ఉంటుంది.

గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించినట్టు శాసనం ఆవరణలోనే ఉంది. కాకతీయులకు ఊరు, గుడి, చెరువు వేరువేరు పనులు కావు. గుడి నుంచి నడిచి కట్ట ఎక్కితే ఆ లెక్క కళ్లకు కడుతుంది. గుట్టల నడుమ ఖాళీని కట్టతో మూసేశారు, మిగతా గోడలు గుట్టలే. వానాకాలం ఎక్కువైన నీళ్లు మత్తడి దూకి పోతాయి. యాసంగికి కావలసినవి తూములోంచి కాలువకు వస్తాయి. నీరు పల్లమెరుగు కదా, ఇంజన్లతో పనేముంది! ఎనిమిది వందల ఏళ్ల నాటి ఏర్పాటు కింద ఈ ఏడాది నాటు వేసిన వరి పచ్చగా పిలకలు వేస్తుంటే, మాలో బ్యాంకు ఉద్యోగం చేసేవాడు కూడా కాసేపు ఫోను జేబులో పెట్టాడు.

కాలువ గట్టు మీద మోదుగలు విరగబూశాయి. ఆకు ఒక్కటి లేదు, కొమ్మల నిండా పూలే. దూరం నుంచి ఎరుపు ఒక్కటే కనిపిస్తుంది గానీ, రాలిన పువ్వును చేతిలోకి తీసుకుంటే అసలు అందం దాని తొడిమలో ఉంది. నల్లటి మఖమల్ గుడ్డ చుట్టినట్టు మెత్తగా, నూగుగా ఉంటుంది. లోపల చీమలు బారులు తీరాయి. పైన గోరింకలు తేనె కోసం ఒకటే లొల్లి. హోలీకి ఈ పూలు ఉడకబెట్టి రంగు చేసిన కాలం మాకందరికీ గుర్తే. ఇప్పుడు రంగు ప్యాకెట్లలో వస్తోంది, చర్మం మండిపోతోంది. సరే, ఆ గోల ఎందుకు.

ఇంకొంచెం ముందుకు పోతే మిర్చి కల్లం. ఎర్రటి కాయలు నేలంతా పరిచి ఉన్నాయి, ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. తెల్లబారిన కాయ కనిపించడమే ఆలస్యం, చేయి దానంతటదే పోతోంది, నోరు మాత్రం ఎవరి పెళ్లి గురించో మాట్లాడుతోంది. కాయలు పొట్టిగా, లావుగా, బుడిగెల్లా ఉన్నాయి.

“చపాటనా అక్కా?” అన్నాడు మా వాడు.

“అవు తమ్మీ. నోట్లె ఏసుకో, మండదు.”

కొరికాడు. నిజంగానే పెద్దగా మండలేదట. చపాటకు రంగు ఎక్కువ, కారం తక్కువ. పచ్చళ్లకు దీని ఎరుపే కావాలి. 2025లో వరంగల్ చపాటకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. ధర ఎట్లుందని అడిగితే ఆమె నవ్వింది. “ఎనుమాముల మార్కెట్‌కు పోతెగని తెల్వది. మాకు ముందు చెప్పెటోళ్లెవలు?”

అక్కడే ఓ చెట్టు కింద సర్వప్పలు విప్పాం, వాళ్లకూ పెట్టాం. నువ్వులు తక్కువయ్యాయని ఒకామె మొహం మీదే చెప్పేసింది. ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేదు.

లేచేటప్పుడు మా వాడు రెండు కిలోల మిర్చి కొన్నాడు. సంచి లేదు, తువ్వాలలో మూటగట్టాడు. ఆటోలో మూట అదిరినప్పుడల్లా ఒకరి తర్వాత ఒకరం తుమ్ములు. మండదన్న మాట నోటికే గానీ ముక్కుకు వర్తించదని ములుగు చేరేలోపు తేలిపోయింది. డ్రైవరు తుమ్మీ తుమ్మీ చివరికి ఆటో ఆపి, “సార్, గా మూట పైన కడ్తనా, మిమ్మల్ని కడ్తనా?” అన్నాడు.