టెస్ట్ తీసేశారు

పదకొండున్నర అయింది. చిన్నది నిద్రపోయింది. ఈయన మ్యాచ్ హైలైట్స్‌లో ఉన్నారు. నేనూ పడుకోవాల్సిందే కానీ మధ్యాహ్నం నుంచి ఒక్క వాక్యం లోపల గుచ్చుకుంటూనే ఉంది. "మేడమ్, ఈ టెస్ట్ అప్పుడప్పుడు ఫెయిలవుతోంది, అందుకే తీసేశాను." టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి కోడ్ రివ్యూలో రాసిన మాట. పక్కనే దండం పెడుతున్న బొమ్మ ఒకటి.

టెస్ట్ అంటే మన కోడ్ సరిగ్గా నడుస్తోందా లేదా అని చూసే చిన్న ప్రోగ్రామ్. ఆ టెస్ట్ కోసం పది రోజులు కూర్చున్నాను. దసరా ముందు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, ఆ పది రోజులే.

మా అప్లికేషన్ జావాలో రాసింది, టామ్‌క్యాట్ అనే సర్వర్ మీద నడుస్తుంది. కస్టమర్ దగ్గర సర్వర్ ఆపకుండానే కొత్త వెర్షన్ ఎక్కిస్తారు. ఎక్కించిన ప్రతిసారీ మెమరీ కొంత పెరుగుతుంది, మళ్లీ దిగదు. హీప్ డంప్ (ఆ క్షణాన మెమరీలో ఉన్నదాని కాపీ) తీసి, దాన్ని చదివే ఎక్లిప్స్ మ్యాట్‌లో తెరిస్తే ఎప్పుడో పోవాల్సిన పాత వెర్షన్లు ఆరు కనిపించాయి, ఒక్కోటీ తన క్లాసులన్నిటితో, అంటే కోడ్ ముక్కలన్నిటితో సహా. వాడకం అయిపోయిన మెమరీని జావాలో ఊడ్చేది గార్బేజ్ కలెక్టర్, జీసీ. వీటిని పోనివ్వకుండా పట్టుకున్నది ఎవరా అని జీసీ రూట్ దాకా, అంటే ఆ పట్టు మొదలయ్యే చోటి దాకా, దారి వెతికితే ప్రతిదాని చివరా ఒక్క థ్రెడ్, పక్కన విడిగా నడుస్తుండే పని. పేరు చూద్దును కదా, పూల్-7-థ్రెడ్-1. ఇంకోదానికి పూల్-12-థ్రెడ్-1.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పేరు పెట్టకపోతే జావా తనంతట తాను పెట్టే పేరు అది. ఆ థ్రెడ్ ఎవరు మొదలుపెట్టారో, దేనికోసమో అందులో ఒక్క ముక్క ఉండదు. థ్రెడ్లు తయారుచేసే థ్రెడ్ ఫ్యాక్టరీలో ఒక్క లైన్ రాస్తే 'రేట్ల-రిఫ్రెష్' అని కనిపించేది, నాకు రెండు రోజులు మిగిలేవి. పైగా మీటింగ్‌లో ఒకాయన "దాన్ని డీమన్ థ్రెడ్ చేస్తే పోతుంది కదండీ" అన్నారు. పోదండీ! జావా ప్రోగ్రామ్‌ని నడిపే జేవీఎం మొత్తం ఆగిపోయేటప్పుడు ఈ థ్రెడ్ కోసం ఆగక్కర్లేదని చెప్పడానికే డీమన్. మా జేవీఎం ఆగదు, అప్లికేషన్ మాత్రమే మారుతుంది. నడుస్తున్న థ్రెడ్‌ని, అది పట్టుకున్న దేన్నీ జీసీ ముట్టుకోదు. థ్రెడ్ తన క్లాస్‌లోడర్‌ని (క్లాసుల్ని మెమరీలోకి తెచ్చేదాన్ని) పట్టుకుంటుంది, క్లాస్‌లోడర్ తను లోడ్ చేసిన క్లాసులన్నిటినీ పట్టుకుంటుంది, వాటి స్టాటిక్ ఫీల్డుల్లో మా క్యాష్‌లన్నీ (దాచుకున్న డేటా) ఉంటాయి. ముప్పై సెకన్లకోసారి రేట్లు తెచ్చుకునే చిన్న లూప్ ఒకటి పాత వెర్షన్ మొత్తాన్ని పోనివ్వకుండా పట్టుకుంది.

ఆపడానికి షట్‌డౌన్‌నౌ అనే జావా ఫంక్షన్‌ని పిలుస్తూనే ఉన్నారు. నడుస్తున్న థ్రెడ్‌కి అది చేసేది ఇంటరప్ట్ ఒక్కటే, ఆగమని కబురు పెట్టడం. నిద్రలో ఉన్న లూప్‌కి ఇంటరప్టెడ్ ఎక్సెప్షన్ వచ్చింది, దాన్ని పట్టుకుని ఏదో ఒకటి చేయాల్సిన క్యాచ్ బ్లాక్ ఖాళీ. ఎక్సెప్షన్ వచ్చేసరికి ఇంటరప్ట్ గుర్తు చెరిగిపోతుంది కాబట్టి, ఆగమన్నారన్న సంగతి ఆ లూప్‌లో ఇంకెక్కడా మిగలదు. మళ్లీ మొదటికొచ్చి ఇంకో ముప్పై సెకన్లు పడుకుంటుంది.

2012లో నా మొదటి ఉద్యోగంలో ఇలాంటిదే రోజూ చూసేదాన్ని. రాత్రి షిఫ్ట్. మూడోసారో నాలుగోసారో డిప్లాయ్ చేయగానే పెర్మ్‌జెన్ స్పేస్ (అప్పట్లో క్లాసులుండే, హద్దున్న మెమరీ) అయిపోయిందని సర్వర్ పడిపోయేది. రాత్రి ఒంటిగంటకు నల్ల స్క్రీన్ మీద లాగ్ పరిగెడుతుంటే సీనియర్ అన్న ఒకరు నా వెనక నిలబడి, కాగితం కప్పులో టీ ఊదుకుంటూ, సర్వర్‌ని ఎలా చంపాలో, ఎన్ని నిమిషాలు ఆగి మళ్లీ లేపాలో నేర్పించారు. నా నోట్‌బుక్‌లో ఆ ఆరు మెట్లూ ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. ఆపేటప్పుడు ప్రతిసారీ లాగ్‌లో ఒక హెచ్చరిక వచ్చేది. ఈ అప్లికేషన్ ఫలానా థ్రెడ్‌ని మొదలుపెట్టి ఆపలేకపోయింది, దీనివల్ల మెమరీ లీక్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ అని. టామ్‌క్యాట్ 6.0.24 నుంచీ ఆ హెచ్చరిక ఉంది. ఇదేంటన్నా అని అడిగితే "అది ఎప్పుడూ వచ్చేదేలే అమ్మా, పట్టించుకోకు" అన్నారు. రెండేళ్లు పట్టించుకోలేదు. జబ్బు పేరు, థ్రెడ్ పేరుతో సహా, కళ్ల ముందే రాసి ఉంది. క్యాబ్‌లో తెల్లవారుజామున ఇంటికొస్తూ, సర్వర్ మళ్లీ పడిందేమోనని భయపడుతూ ఎన్ని రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నానో! 2014లో జావా 8 వచ్చి పెర్మ్‌జెన్ తీసేసి మెటాస్పేస్ పెట్టినప్పుడు అందరం సంతోషించాం. మెటాస్పేస్‌కి మనం పెడితే తప్ప హద్దు లేదు. పాత క్లాసులు అలాగే పేరుకుంటూ వచ్చాయి, త్వరగా పడిపోవడం మాత్రం ఆగింది.

అందుకే ఈసారి సరిచేసి ఊరుకోకుండా టెస్ట్ రాశాను. మా మాడ్యూల్‌ని విడిగా ఒక క్లాస్‌లోడర్‌లో లోడ్ చేసి, నడిపి, ఆపి, ఆ లోడర్‌కి జీసీకి అడ్డురాని వీక్ రిఫరెన్స్ ఒక్కటి మాత్రమే ఉంచుకుని, జీసీ అడిగి, రిఫరెన్స్ ఖాళీ అయిందా లేదా, అంటే లోడర్ పోయిందా లేదా చూడటం. అది పాసై పచ్చగా వచ్చిన రోజు చిన్నదానికి జున్ను తెచ్చాను.

దాన్ని తీసేశాడు. రేపు ఆ అబ్బాయికి గట్టిగా రాయాలని ఇందాక మొదలుపెట్టాను కూడా.

అప్పుడే అత్తయ్య హాల్లోకి వచ్చారు. రోజూ పడుకునే ముందు ఒక్కో గదికీ వెళ్లి ఫ్యాన్లు ఆపుతారు. స్విచ్ నొక్కి వెళ్లిపోరు. రెక్కలు నెమ్మదించి, విడివిడిగా కనిపించి, పూర్తిగా ఆగేదాకా తలెత్తి చూస్తూ నిలబడతారు. "ఇంకా పడుకోలేదేమ్మా" అన్నారు. ఆ తర్వాత నా కోడ్ మళ్లీ తెరిచాను.

నేను స్విచ్ నొక్కి వెళ్లిపోయాను. షట్‌డౌన్‌నౌ పిలిచిన మరుక్షణం ఒక్కసారి జీసీ అడిగి, వెంటనే చూసేశాను. ఆ సమయానికి థ్రెడ్ నెట్‌వర్క్ కాల్ మధ్యలో ఉంటే అది ముగిసేదాకా లోడర్ పోదు. నా ల్యాప్‌టాప్‌లో అంతా చటుక్కున అయిపోతుంది, బిజీగా ఉన్న బిల్డ్ మెషీన్‌లో కాదు. పైగా జీసీని మనం అడగగలమే కానీ చేయించలేం. ఎప్పుడో ఒకప్పుడు ఊరికే ఎర్రగా వచ్చే టెస్ట్‌ని చూసి టీమ్ మొత్తం నేర్చుకునేది కూడా "ఎప్పుడూ వచ్చేదేలే" అనే. తీసేయడం తప్పే. కానీ అతను చెప్పిన కారణం నిజం, అది రివ్యూలో నాకే కనిపించాల్సింది.

మార్చాను. థ్రెడ్ ఆగేదాకా చూసే అవెయిట్‌టెర్మినేషన్‌తో పది సెకన్ల దాకా ఆగడం, ఆ తర్వాత 100 మిల్లీసెకన్లకోసారి జీసీ అడుగుతూ రిఫరెన్స్ ఖాళీ అయ్యేదాకా ఇంకో పది సెకన్లు చూడటం. ఖాళీ క్యాచ్ బ్లాక్‌ని కావాలని వెనక్కి పెట్టి ఒకసారి నడిపితే గడువంతా ఆగి ఫెయిలయింది, అలాగే కావాలి. సరిచేసిన కోడ్‌తో ఇరవైసార్లు పెట్టాను, పద్నాలుగోది నడుస్తోంది.

ఆ అబ్బాయికి మొదలుపెట్టిన మెసేజ్ చెరిపేసి, "మీరు చెప్పింది నిజమే, టెస్ట్ మార్చి మళ్లీ పెడుతున్నాను, రేపు రివ్యూ మీరే చేయండి" అని రాశాను. పదిహేను. పదహారు.