మిరపకాయలు తడుస్తున్నయ్, జల్ది పో

నిద్ర పట్టడం లేదు. మా సారు గురక ఒక కారణమే కానీ, అది ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. అసలు సంగతి మిరపకాయలు.

సాయంత్రం నాలుగు కావస్తోంది. చాయకు పాలు పెట్టి, పొంగుతాయని గిన్నె దగ్గరే నిలబడ్డాను. ఫోన్ మోగింది. మా పక్క డూప్లెక్స్ ఇంటి వదిన. "వదినా, వాన షురువైంది, బంగ్లా మీద మీ మిరపకాయలు తడుస్తున్నయ్, జల్ది పో" అంది. పొయ్యి ఆపానో లేదో కూడా చూసుకోలేదు, మెట్లెక్కి ఉరికాను. నిజమే, రూపాయి బిళ్ళంత చినుకులు. పాత చీర మీద ఆరబోసిన పది కిలోలు, కారానికి తేజ, రంగుకు బ్యాడిగ. నాలుగు కొసలూ పట్టి మూటకట్టి మెట్ల గదిలోకి ఈడ్చాను. ఓ అంచున రెండు దోసిళ్ళు తడిశాయి, అంతే. ఏడాది కారం దక్కింది.

ఆ సంతోషం చాయ తాగినంత సేపు ఉంది. గ్లాసు కడుగుతుంటే వెలిగింది. వదిన ఇప్పుడు ఉండేది హైదరాబాద్ ఎల్బీనగర్‌లో. మా నల్లగొండకు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. మా బంగ్లా మీద చినుకు పడిన సంగతి, కింద వంటింట్లో ఉన్న నాకంటే ముందు ఆమెకు ఎట్లా తెలిసింది?

ఇక్కడి ఇల్లు తాళం వేసి పోతున్నాం, గేటు కనబడేట్టు పై అంతస్తులో కెమెరా పెట్టాం అని సంక్రాంతికి వచ్చినప్పుడు వదిన వాళ్ళు చెప్పారు. తెల్లగా, గుండ్రంగా, నెత్తిన రెండు కొమ్ములతో గోడకు అతికించిన గుడ్లగూబలా ఉంటుంది. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. దానికి మెడ తిరుగుతుందని నాకేం తెలుసు? ఫోన్‌లో వేలితో ఇటు జరిపితే ఇటు, అటు జరిపితే అటు తిరుగుతుందట. ఎదురుగా ఏదైనా కదిలితే ఎల్బీనగర్‌లో ఫోన్ గంట కొడుతుందట. ఇవన్నీ పెద్దోడు చెప్పాడు, నాకు తెలియకపోవడం వింత అన్నట్టు.

మీకు తెలుసు కదా, ఆ బంగ్లా మీదే సగం నా బతుకు. తలంటు పోసుకుని జుట్టు ఆరబెట్టుకునేది అక్కడ. చెల్లెతో ఫోన్‌లో అరిచేది అక్కడ. మా సారు మీద కోపం వస్తే, ఎదురుగా ఆయన లేకపోయినా చెయ్యి ఊపుతూ తిట్టేది కూడా అక్కడే. నైటీ మీద తువ్వాల వేసుకుని, ఒక చేత్తో బట్టలు ఆరేస్తూ, ఇంకో చేత్తో గాలిలో పంచాయితీ తీర్చే ఆడమనిషి! ఎన్నిసార్లు గంట కొట్టిందో ఆ ఫోన్.

మా సారుకు చెప్తే, "మంచే అయింది గదా, కారం మిగిలింది" అన్నాడు. ఈయనతో ఇదే. మంట ఎక్కడో చెప్తే నీళ్ళు ఇంకెక్కడో పోస్తాడు. ఆయన లుంగీలో బంగ్లా మీద యోగా చేసేది కూడా కనబడుతుంది అన్నాక కాస్త సర్దుకుని కూర్చున్నాడు.

పెద్దోడు గ్రూప్-2 పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అప్పజెప్పాడు. "పుట్టస్వామి కేసు, 2017 ఆగస్టు 24, తొమ్మిది మంది జడ్జీలు. ప్రైవసీ ప్రాథమిక హక్కు, ఆర్టికల్ 21." అయితే ఫోన్ చేసి గట్టిగా అడుగుతా అన్నాను. "ఆగు మమ్మీ. అది ముందుగా సర్కారు మీద ఉన్న హక్కు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ, మనిషి సొంతానికి, ఇంటి అవసరానికి వాడుకుంటే అది వర్తించదు." తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని ఇచ్చిన హక్కు మా పిట్టగోడ దాకా వచ్చి ఆగిపోయిందన్నమాట.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటుంది, దాచను. కాలనీ మూలమలుపులో కెమెరాలు పెట్టించినప్పుడు అందరికంటే ముందు వెయ్యి రూపాయల చందా ఇచ్చింది నేనే. ఒక్క సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానం అని మీటింగులో చెప్తే చప్పట్లు కూడా కొట్టాను. ఆ లెక్కన ఇన్నాళ్ళూ నేను వంద మంది పోలీసుల ముందు జుట్టు విరబోసుకుని నిలబడ్డాను.

అత్తమ్మ ఆలోచన వేరు. "నరుని దిష్టికి నాపరాయి పలుగుతదంటరు. ఇది ఫోన్‌ల నుంచి చూసే దిష్టి. ఆ కెమెరా గుడ్డుకు ఎదురుగ బూడిద గుమ్మడికాయ కట్టు" అంది. మా గుమ్మానికి ఇప్పటికే గుమ్మడికాయ, పటిక, నిమ్మకాయ మిరపకాయల దండ, నాలుక బయటపెట్టిన రాక్షసుడి మొహం ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఇల్లు అనుకుంటారా, పూజ సామాన్ల దుకాణం అనుకుంటారా? ఇప్పుడు బంగ్లాకూ ఒకటా!

అయినా డెకరేషన్ సంగతి మాట్లాడే మొహం నాకు లేదు. మా హాల్లో టీవీ పక్కన గోడకు ఏం వేలాడుతోందో నా రాతలు చదివే పాతవాళ్ళకు తెలుసు. మా బాపు, అంటే మా నాన్న, నడిపిన ఫోన్ బూత్‌లోని ఎర్ర కాయిన్ బాక్స్ ఫోన్. దాని నెత్తిన మనీప్లాంట్ కుండీ. వచ్చిన ప్రతి ఒక్కరూ రిసీవర్ ఎత్తి హలో అంటారు, ప్రతి ఒక్కరూ తామే మొదట ఆ జోకు వేసినట్టు నవ్వుతారు. మా సారు "ఇల్లా, బస్టాండా" అని అడగడం మానేసి రెండేళ్ళయింది.

ఇవాళ రాత్రి అన్నం తింటూ దాని వంకే చూశాను. చండూరు బస్టాండ్ దగ్గర బాపు ఎస్టీడీ బూత్. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు. లోపల చెక్క క్యాబిన్, దానికో అద్దం తలుపు. స్ప్రింగ్ పోయిన ఆ తలుపు ఏనాడూ పూర్తిగా మూసుకోలేదు. క్యాబిన్‌లో తల మీద ఎర్ర అంకెల మీటరు. నేను బయట స్టూలు మీద కూర్చుని ఎక్కాలు రాసుకునేదాన్ని.

రాత్రి పొద్దుపోయాక రేటు పావు వంతుకు దిగేది. అప్పుడు వచ్చేవాళ్ళు గట్టుప్పల నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి. మగవాళ్ళు మహారాష్ట్రలోని భీవండిలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి పోయిన ఇళ్ళ ఆడవాళ్ళు. 02522, ఆ కోడ్ ఇప్పటికీ నా నోటికి వస్తుంది. అక్కడున్నవన్నీ పీపీ నంబర్లు. ఏ కిరాణా దుకాణానికో ఫోన్ చేసి, ఫలానా ఆయన్ని పిలవండి, పది నిమిషాలకు మళ్ళీ చేస్తా అని పెట్టేయడం. ఆ పది నిమిషాలు నా స్టూలు పక్కనే కింద కూర్చుని కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టుకునేవాళ్ళు. మాట్లాడేటప్పుడు కళ్ళు మీటరు మీదే. అంకె తాము తెచ్చుకున్న పైసల దగ్గరికి రాగానే మాట మధ్యలోనే టక్కున పెట్టేసేవాళ్ళు. "పిల్లగానికి జెరమొచ్చి" దగ్గర ఆగిపోయిన మాట ఒకటి నాకు ఇంకా గుర్తుంది. తర్వాత ఏమయిందో తెలియదు.

ఎవరైనా ఏడవడం మొదలుపెడితే బాపు రేడియో మోత పెంచేవాడు. మొహం రోడ్డు వైపు తిప్పుకునేవాడు. ఇంటికి నడిచేటప్పుడు నాకు రోజూ ఒకటే మాట: "ఇన్నది ఈడనే ఇడిసిపెట్టి రావాలె."

ఆ కాలంలో తలుపు సరిగ్గా పడకపోయినా మనుషుల గుట్టు దాగింది, ఇప్పుడు ఇన్ని పాస్‌వర్డులు పెట్టుకుని నా మిరపకాయల్నే దాచుకోలేకపోతున్నాను. ఇదే రాద్దామని కూర్చున్నాను మొదట. సగం రాశాను కూడా. బాపు రేడియో మోత ఎప్పుడు పెంచేవాడో అడుగుదామని మధ్యలో అమ్మకు ఫోన్ చేశాను. చెయ్యకపోతే బాగుండేది.

అమ్మ పడీపడీ నవ్వింది. "ఇడిసిపెట్టి వచ్చేటోడా మీ బాపు? అన్నం తినుకుంట అన్నీ నాకు చెప్పేటోడు. ఎవలామె మొగడు పైసలు పంపుతలేడు, ఎవలు తాగుడు మరిగిండు, అన్నీ."

"నువ్వేం చేసేదానివే?"

"నీతోని బియ్యం పంపేదాన్ని గాదె."

అవును. వారానికోసారి, బట్ట సంచిలో, ఒక ఇంటికి. ఎందుకో అడగలేదు, దారిలో ఆ సంచిని మోకాళ్ళకు కొట్టుకుంటూ నడవడం మాత్రం గుర్తుంది. అంతటితో ఆపితే బాగుండేది, "మీ చిన్నమ్మకు గూడ చెప్పేదాన్ని, ఇద్దరం నవ్వుకునేది" అని కూడా అంది. బియ్యమూ నిజమే, నవ్వూ నిజమేనట. నేను రాసిన సగం తీసేశాను.

ఆ యాప్‌లో ప్రైవసీ మాస్క్ అని ఒకటి ఉంటుందట. మన బంగ్లా కనబడే చోట నల్ల డబ్బా ఒకటి గీసిపెడితే ఇక అక్కడ ఏమీ కనబడదు, రికార్డు కాదు. వదినను అడుగు, రెండు నిమిషాల పని అన్నాడు పెద్దోడు. మెసేజ్ టైప్ చేశాను. తీసేశాను. ఇంకా మెత్తగా టైప్ చేశాను. రేపు మళ్ళీ మబ్బేనట. మిరపకాయలు గలగలమనే దాకా ఇంకో రెండు ఎండలైనా తగలాలి, లేకపోతే గిర్నీలో ముద్ద కడతాయి. కారం పట్టించాక అడుగుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత వడియాలు ఉన్నాయి. వడియాలయ్యాక మామిడికాయ ముక్కలు ఎండబెట్టాలి.

ఈ ముక్క రాస్తుండగానే ఫోన్ వెలిగింది. వదిన. "వదినా, పన్నెండయింది, బంగ్లా మీద లైటు బంద్ చెయ్యలేదు."

మూట తడి చూడడానికి ఇందాక పైకి పోయినప్పుడు మరచినట్టున్నాను. లేచి తువ్వాల వెతుక్కుని, సరిగ్గా కప్పుకుని, పైకి వెళ్ళి లైటు ఆర్పాను. చీకట్లో ఆ గుడ్లగూబ కంటి చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు.