అన్ని గుళ్ళకూ కాణిపాకం రేటే: వర్డ్‌ప్రెస్ లూప్‌తో నా అనుభవం

తిరుపతిలో ఒక ట్రావెల్స్ వాళ్ళ వెబ్‌సైట్ పని నిన్న రాత్రికి ఒక కొలిక్కి వచ్చింది. ఒక్కో గుడికి ఒక పేజీ, మధ్యలో అన్ని గుళ్ళ జాబితా, దాని కింద కారు రేటు. వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌కు ఎవరో చేసి వదిలేసిన థీమ్ (సైట్ రూపాన్ని నడిపే ఫైళ్ళు) అది.

మొదటి కంప్లయింట్ తేలిక. జాబితా 10 గుళ్ళతో ఆగిపోతోంది. వర్డ్‌ప్రెస్ మామూలుగా చూపించేది 10 పోస్టులే; ఇక్కడ ఒక్కో గుడి ఒక పోస్టు. పోస్టులను తెచ్చే క్వెరీలో పోస్ట్స్ పర్ పేజ్‌ను -1 (అంటే లెక్కకు పరిమితి లేదని) చేస్తే అన్నీ వచ్చేశాయి.

మర్నాడే ఫోన్. శ్రీకాళహస్తి పేజీలో కాణిపాకం రేటు. తిరుచానూరులోనూ కాణిపాకమే. రాహుకేతు పూజకు బయల్దేరిన ఒక కుటుంబం అంత రేటేమిటని గొడవ పెట్టుకుందట. ఓనర్ నన్ను ఆఫీసుకు పిలిపించి, డ్రైవర్లందరి ముందు, "ఏమప్పా, నువ్వు చెయ్యి పెట్టినాకనే ఇట్లయింది. మావాడు ఇంటర్ చదవతా ఉండాడు, వాడికిచ్చినా చేసుండేవాడు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హోస్టింగ్ వాళ్ళను అడిగితే క్యాష్ (సర్వర్ దాచిపెట్టుకునే పాత కాపీలు) క్లియర్ చేయమన్నారు. ఏ రోగం చెప్పినా వాళ్ళ దగ్గర అదే మందు. వాళ్ళ కోసం సాయంత్రాలు పాడు చేసుకోకండి.

దారి చూపించింది చిన్న పని. పోస్టులను ఒక్కొక్కటిగా తీసి చూపించే కోడ్‌ను లూప్ అంటారు. జాబితా లూప్‌కు ముందు, తర్వాత పోస్ట్ ఐడీని (ఒక్కో పోస్టుకు ఉండే నంబరు) ప్రింట్ చేయించాను. ముందు శ్రీకాళహస్తి ఐడీ, తర్వాత కాణిపాకం ఐడీ! ఇప్పుడు ఏ పోస్టు నడుస్తోందో వర్డ్‌ప్రెస్ ఒక గ్లోబల్ వేరియబుల్‌లో, అంటే పేజీ కోడ్ అంతటికీ ఉమ్మడిగా ఉండే ఒక డబ్బాలో, పెట్టుకుంటుంది. జాబితా కోసం రాసిన రెండో లూప్ తిరిగేకొద్దీ దాన్ని మార్చేస్తుంది, చివరి పోస్టు అందులోనే ఉండిపోతుంది. జాబితా కింది రేటు దాన్ని బట్టే వస్తోంది. వరుస కొత్తవాటితో మొదలవుతుంది కాబట్టి, అన్నిటికంటే ముందు ఎక్కించిన కాణిపాకం ఆఖరున పడింది. అందుకే ఆ పేజీ ఒక్కటే సరిగ్గా ఉంది. లూప్ ముగిసిన చోట, ఆ వేరియబుల్‌ను మళ్ళీ పేజీ అసలు పోస్టుకు తెచ్చే డబ్ల్యూపీ రీసెట్ పోస్ట్‌డేటా అన్న ఒక్క లైన్ చేర్చాను. ఏ గుడి రేటు ఆ గుడికి వచ్చింది.

అంతటితో వదల్లేదు. నేను ముట్టుకోక ముందరి బ్యాకప్ తెరిచాను. అప్పుడూ తప్పే. పదో గుడి శ్రీనివాసమంగాపురం కాబట్టి అన్నిచోట్లా దాని రేటే ఉంది. తక్కువ రేటు కదా, ఫోన్ చేసినవాళ్ళకు మాటల్లో సర్ది చెప్పుకుంటూ వచ్చారు. ఆ డ్రైవర్ల ముందే ఓనర్‌కు అది చూపించాను.

లూప్ నేర్పే కోచింగ్ సెంటర్లు ఈ రీసెట్ సంగతి కూడా నేర్పాలి. పిల్లల దగ్గర ఫీజు తీసుకుంటున్నారు కదా! జాబితాకు క్వెరీ పోస్ట్స్ అనే ఫంక్షన్ వాడమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, అది పేజీ అసలు క్వెరీనే మార్చేస్తుంది.

పేజీ అడుగున ఉండే ఫుటర్‌లోనూ ఇలాంటి లూప్ ఇంకొకటి కనబడింది. దానికీ రీసెట్ పెట్టి, బిల్లులో ఆ పనిని వేరే లైన్‌గా రాశాను.